ఇటలీ బావ దగ్గు

మా వియ్యంకుడుగారు పోయారు. అల్లుడు ఫోన్ చేసిన పొద్దున నేను మేడ్చల్‌లో మా ఇంటి అరుగు మీద పాత ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాను. "మామయ్యగారూ, నాన్న..." అని అతను ఆగిపోయాడు. మిగతా మాట నేనే అనుకోవాల్సి వచ్చింది. టీ తాగి, కప్పు పక్కన పెట్టి, కుర్చీలోనే తల వాల్చేశారట. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఉన్న సంగతి మరిచిపోయాను. కూర్చున్న పీట కాలిన వాసన వచ్చాక గానీ దాన్ని కింద పెట్టలేదు.

లోపల నా బిడ్డ నిండు నెలలతో పడుకుని ఉంది. మామగారు ఇక లేరని ఆమెకు చెప్పడం నా వంతైంది. ఎట్లా చెప్పానో నాకే తెలియదు. బిడ్డ గోడ వైపు తిరిగి, "మావయ్యగారు నిన్ననే అడిగిండ్రు బాపు, ఆంప్లిఫయర్ బాగైందా అని" అన్నది. ఆ తర్వాత ఏడ్చింది.

ఆ ఆంప్లిఫయర్ ఎందుకో, దాని మీద ఏ పాట పెట్టాలని మేమిద్దరం కొట్లాడుకున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆయన పోయిన కొద్దిరోజులకే నాకు మనవరాలు పుట్టింది. సంతోషం లోపల ఆగడం లేదు, పొంగి పొర్లుతోంది. ఎవరితో చెప్పుకుంటే ఆ సంతోషానికి సరైన చోటు దొరికేదో, ఆ ఒక్క మనిషి లేడు. అందుకని మీకు చెబుతున్నాను.

నేను మేడ్చల్‌లో చాలా ఏళ్ళు మైకుసెట్టు నడిపాను. పెళ్ళిళ్ళు, బోనాలు, గణపతి నవరాత్రులు, లీడర్ల మీటింగులు, అన్నీ చేశాను. నా దృష్టిలో మంచి పాట అంటే ఊరి చివరి ఇంటికి వినబడే పాట. ఆయన సముద్రం ఒడ్డున ఓడరేవు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కొడుకు దగ్గరికి తూంకుంటకు వచ్చేశారు. మా పిల్లల పెళ్ళిలో నేను దొరికిన ప్రతి స్తంభానికీ ఒక హారన్ కట్టాను. నా ఒక్కగానొక్క బిడ్డ పెళ్ళి, శామీర్‌పేట చెరువు దాకా వినబడాలని నా ఆశ. ఆయన మెల్లగా నా పక్కకు వచ్చి, చెవి దగ్గర వంగి ఒక మాట అన్నారు.

"బావగారూ, సౌండు కాస్త తగ్గిస్తే పెళ్ళికూతురి మొహం కనిపిస్తుందండీ."

నాకు మస్తు కోపం వచ్చింది. మగపెళ్ళివారు కాబట్టి తగ్గించాను. తగ్గించాక చూస్తే, నిజంగానే బిడ్డ మొహం కనిపించింది. అప్పటిదాకా నేను వైర్ల వెంట తిరుగుతున్నాను, మరి. మా ఇంటామె ఆ సంగతి ఇప్పటికీ వదలదు. తను ఇన్నేళ్ళు మొత్తుకున్నా తగ్గని సౌండును వియ్యంకుడు ఒక్క మాటతో తగ్గించాడని వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది.

పెళ్ళి తర్వాత బిడ్డను చూడడానికి మొదటిసారి తూంకుంట పోయాను. భోజనం అయ్యాక ఆయన, మీది సౌండు వ్యాపారం కదా, మీకొక సౌండు వినిపిస్తాను కూర్చోండి అన్నారు. చేతులు కడుక్కున్నారు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. లోపలికి పోయి లుంగీ మార్చి, ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, చేతుల గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. ఎక్కడికన్నా పోతున్నరా బావా అని అడిగాను.

"నాటకానికండీ" అన్నారు. బీరువాలోంచి క్యాసెట్ల పెట్టె తీశారు.

అది ఇటలీ దేశపు పాటల నాటకం. ఒపెరా అంటారట. మన బాగోతం లాగే రాజులు, యుద్ధాలు, ప్రేమలు, అన్నీ పాటలోనే. నవ్వించేవాడు మాత్రం ఉండడు. ఆయన ఉద్యోగంలో ఉండగా మరమ్మతు కోసం ఆగిన ఓడలో ఒక ఇటలీ ఇంజనీరు ఉండేవాడట. వీళ్ళింటికి వచ్చి చేపల పులుసు తినేవాడట. పోతూ పోతూ ఆ క్యాసెట్లు చేతిలో పెట్టిపోయాడు. పెద్ద హాలులో, జనం మధ్య, నాటకం ఆడుతుండగానే పట్టిన రికార్డు అది. జనం గుసగుసలు, కుర్చీల కిర్రుమనడం, చప్పట్లు, అన్నీ అందులో ఉన్నాయి.

అందులో ఒక పాట ఉంది. యుద్ధానికి పోయిన తండ్రి కోసం కోట గోడ మీద నిలబడి కూతురు పాడుతుంది. దానికి ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో హాలులో ఎవరో ఒకాయన ఖళ్ళుమని దగ్గుతాడు. వెంటనే కూతురు పాట అందుకుంటుంది.

నాకు నవ్వు ఆగలేదు. మా మీటింగుల్లో కూడా లీడరు నోరు తెరిచే టైముకే ఎవడో దగ్గుతాడని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోబోయి, ఆయన కూడా నవ్వేశారు.

"ఎన్నేళ్ళ నుంచో భరిస్తున్నానండీ ఈయన్ని" అన్నారు.

"గన్నేండ్లు భరించిండ్రంటే మనకు చుట్టమే బావా. ఇటలీ బావ అనుకుందాం" అన్నాను.

అప్పటి నుంచి ఆ దగ్గినాయన మాకు ఇటలీ బావ అయిపోయాడు. ప్రతి ఆదివారం నేను మేడ్చల్‌లో ఆటో ఎక్కి శామీర్‌పేట దిగి, అక్కడ బస్సు పట్టుకుని తూంకుంట పోయేవాణ్ణి. మలుపు దగ్గర మా వియ్యంకుడుగారు గొడుగు వేసుకుని నిలబడి ఉండేవారు. ఎండా వానా లేకపోయినా గొడుగు ఉండేది. నేను దూరం నుంచే గుర్తుపట్టాలని. కొన్నాళ్ళకు నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని పోవడం మొదలుపెట్టాను. ఆ అరుపులు వినడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని మా ఇంటామె ఎగతాళి చేసేది. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నిజమే. ఆయన ముందు కథ చెప్పేవారు, తర్వాత ఇద్దరం కళ్ళు మూసుకునేవాళ్ళం. దగ్గు వచ్చినప్పుడు ఎవరు ముందు కన్ను తెరిచి చూస్తారో అని పందెం.

కొంతకాలానికి ఆయన అదే నాటకం ఇంకో రికార్డు పట్నంలో వెతికి వెతికి సంపాదించారు. సీడీలు. తలుపులు మూసిన గదిలో, జనం లేకుండా, వేరే ఆమె పాడింది. ఆ ఆదివారం ఆయన మొహం చూడాలి మీరు. పండుగకు కొత్తబట్టలు వచ్చిన పిల్లవాడిలా ఉన్నారు. కూతురి పాట దగ్గరికి రాగానే వేలు పైకెత్తి ఆగమన్నారు. దగ్గు ఉండాల్సిన చోట దగ్గు లేదు. సన్నగా, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. తర్వాత పాట.

పాత రికార్డులో ఈ ఊపిరి ఇటలీ బావ దగ్గు కింద పడి ఇన్నేళ్ళూ తనకు వినబడలేదని చెప్పారు. పాట మొత్తంలో ఆయనకు నచ్చింది ఆ ఊపిరే.

"పాడగలనో లేదో అని ఒక్క క్షణం ఆగి తీసుకున్న ఊపిరండీ అది" అన్నారు.

నాకు నచ్చలేదు. నా బతుకంతా జనం మధ్యనే గడిచింది. "వినేటోళ్ళు లేంది ఆమె ఎవరికి పాడుతున్నది బావా? జనమే లేకపాయె" అన్నాను.

"మనం వింటున్నాం కదండీ."

అయినా ఒప్పుకోలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మొదట ఏ రికార్డు పెట్టాలా అని ఒక గొడవ, అది అయ్యాకే టీ.

ఆ ఊపిరి మాట ఆయనకు ఊతపదమైపోయింది. బస్సు రాకపోతే, కరెంటు పోతే, పాలు పొంగకపోతే, తొందర లేదండీ ఊపిరి తీసుకుంటోంది అనేవారు. కానీ ఒక్కసారి ఆయన ఆ మాట అన్న తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. పెళ్ళై ఏళ్ళు గడిచినా మా పిల్లలకు సంతానం కలగలేదు. ఇంట్లో అత్త లేదు సరే, మిగతా చుట్టాలు నా బిడ్డను ఏమంటున్నారో అని నేను లోలోపల పరేషాన్ అయ్యేవాణ్ణి. ఒకరోజు వాళ్ళింట్లో వ్రతం. నేనూ ఉన్నాను. నా బిడ్డ ప్రసాదాల పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే వాళ్ళ వైపు పెద్దావిడ ఒకామె అందరి ముందు, ఏమ్మా, ఇంకా విశేషం లేదా అని అడిగింది. నా బిడ్డ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మా వియ్యంకుడుగారు గది ఆ చివర నుంచి, రైలు ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా అన్నారు.

"తొందర లేదండీ. ఊపిరి తీసుకుంటోంది."

ఆ పెద్దావిడకు అర్థం కాలేదు. నా బిడ్డకు అర్థమైంది, రోజూ ఇంట్లో వినే మాట కదా. నవ్వింది. పళ్ళెం పట్టుకుని ముందుకు పోయింది. నేను ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. పైకి పెడితే ఊరుకునే మనిషి కాదు.

చివరకు నా బిడ్డకు నెల తప్పిందన్న కబురు తెలిసిన రోజు ఆయన మిఠాయి డబ్బాతో మేడ్చల్ వచ్చి, కాలి చెప్పులతోనే నడింట్లోకి నడిచివచ్చేశారు. మా ఇంటామె ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే అనుకున్నాం. బిడ్డను మొదటిసారి ఊయలలో వేసే పండుగ, మేము తొట్టెల అంటాం, వాళ్ళు బారసాల అంటారు, అది మా ఇంట్లోనే. ఆ రోజు ఊయల దగ్గర ఆ కూతురి పాట పెట్టాలి. సౌండు నాది, పాట ఆయనది. ఇద్దరం ఒప్పుకున్నాం. ఏ రికార్డు అన్న దగ్గర మళ్ళీ మొదలైంది. చంటిపిల్లకు ముందు శుభ్రమైన గొంతు వినిపించాలని ఆయన. ముందు మందిని వినిపించాలి, ఈ లోకంలో దగ్గేవాళ్ళు కూడా ఉంటారని తెలియాలి అని నేను. ఆదివారాలు గడిచాయి గానీ తేలలేదు.

"పుట్టనివ్వండి. బిడ్డ మొహం చూసి తేల్చుకుందాం" అన్నారు.

పిల్ల పుట్టింది. ఎంత అందంగా ఉందో రాయడానికి నా చదువు చాలదు. చెవులు మాత్రం వాళ్ళ తాతవి, నిక్కపొడుచుకుని వింటున్నట్టు ఉంటాయి. టీ కొట్టులో చెప్పాను, ఆటో స్టాండులో చెప్పాను, చెప్పులు కుట్టే ఆయనకు చెప్పాను. అందరూ సంతోషం తాతా అన్నారు, మిఠాయి తిన్నారు. వాళ్ళ సంతోషంలో లోటు లేదు. కానీ పిల్ల ఏ శ్రుతిలో ఏడ్చింది అని ఎవరూ అడగలేదు. ఆయనైతే మొదట అదే అడిగేవారు. నేను జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది.

తొట్టెలకు ముందు ఆదివారం రికార్డు తెచ్చుకోవడానికి తూంకుంట పోయాను. మలుపు దగ్గర బస్సు దిగితే గొడుగు లేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంట్లో అల్లుడు బీరువా తెరిచి, ఏది కావాలో తీసుకోండి మామయ్యగారూ, రెండూ ఒకటే నాటకం కదా అన్నాడు. అతను బంగారం లాంటి పిల్లవాడు. ఆ పాటలు పక్కగదిలో వింటూ పెరిగాడు, అంతే. ఆ రెండూ ఒకటి కాదని తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం.

పెట్టె మీద చెయ్యి వేయబోయి గుర్తొచ్చి, పోయి చేతులు కడుక్కుని వచ్చాను. క్యాసెట్లు ఒక మోకాలి మీద, సీడీలు ఇంకో మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు నాకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. క్యాసెట్టు తీసుకుంటే నేను గెలిచినట్టే. ఎదురుగా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ మీద గెలిచి ఏం చేసుకుంటాను? సీడీలు తీసుకున్నాను. ఇటలీ బావను బీరువాలో ఆయన చొక్కాల పక్కనే పెట్టి వచ్చాను.

వాళ్ళింట్లో ఏడాది మైల ఉంది కాబట్టి తొట్టెల పెద్దగా చేయలేదు. ఇంటివాళ్ళం, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొందరు. నేను తెల్ల చొక్కా వేసుకుని చేతుల గుండీలు పెట్టుకున్నాను. ఆంప్లిఫయర్ సౌండు నా జన్మలో ఎన్నడూ పెట్టనంత తక్కువ పెట్టాను, పిల్ల మొహం కనిపించేంత. ఇదేం భాష అని పక్కింటామె అడిగింది.

"వాళ్ళ తాతది" అన్నది మా ఇంటామె.

వాయిద్యాలు ఆగాయి. ఆ చోటు వచ్చింది. కడిగి ఆరబెట్టిన గచ్చులా శుభ్రంగా ఉంది నిశ్శబ్దం. హాలు లేదు, జనం లేరు, కన్ను తెరిచి నా వైపు చూసేవాళ్ళు లేరు. నేను దగ్గాను. వచ్చిన దగ్గు కాదు, నేనే దగ్గాను.

ఊయల తాడు పట్టుకున్న నా బిడ్డ తిరిగి చూసింది. "బాపు, నీళ్ళు తెమ్మంటవా?"

తల ఊపాను. ఇంకేం చెప్పను? ఆమె లోపలికి పోయింది. అప్పటికి పాట మొదలైపోయింది. నా దగ్గు కింద ఆ ఊపిరి పడిపోయింది. ఆయన ఉంటే వేలు పైకెత్తి, చూశారా బావగారూ అనేవారు.

వెనక్కి పోయే మీట నొక్కాను. వాయిద్యాలు మళ్ళీ వచ్చాయి. నా బిడ్డ నీళ్ళ గ్లాసుతో వచ్చి, నాకు ఇవ్వకుండా గడప దగ్గరే ఆగిపోయింది. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. వాయిద్యాలు ఆగాయి. ఊయల కూడా ఊగడం ఆగింది.

పాటలో ఆమె ఊపిరి తీసుకుంది.