పాత కోటు

హైదరాబాద్‌లో పాత బట్టల గుట్టలోంచి ఏరి కొనుక్కున్న మగవాళ్ల కోటు వేసుకుని కోరుట్లకు వస్తున్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. రాస్తారోకో వల్ల బస్సు సిరిసిల్ల దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లోని ఇద్దరు మగవాళ్లు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో అమ్మ ఏమంటుందోనన్న భయం ఎలాగూ ఉంది. కోటు విప్పబోయాను.

పక్కన కూర్చున్న కూలామె నా చేయి పట్టుకుంది. ఆమె చీర మీద మగవాళ్ల అంగి వేసుకుని ఉంది.

"ఎందుకు తీస్తున్నవ్ బిడ్డా? దొంగతనం జేసినవా?"

"లేదు, కొనుక్కున్న. ఆళ్లు నవ్వుతున్నరు."

"పత్తి ఏర వోయేటప్పుడు నేను రోజూ మా ఇంటాయన అంగే ఏసుకుంట. మొదట్ల మావోళ్లు గూడ నవ్విండ్రు. నేను తియ్యలే. ఆళ్లే నవ్వుడు బందువెట్టిండ్రు."

తన అంగి చేతుల్లాగే నా కోటు చేతులనూ మోచేతుల దాకా మడిచింది. "గిప్పుడు మంచిగున్నది" అంటూ బస్సు దిగి, రోడ్డు మీద బైఠాయించిన ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

నేను ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అమ్మ గుమ్మంలోనే ఆపి, "గిదేం వేషమే?" అంది.

"నాకు నచ్చిందమ్మా" అన్నాను. కోటు విప్పకుండానే అన్నానికి కూర్చున్నాను.