ముందు రాజు, తరువాత ఏనుగు

మావయ్య పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్న విజయనగరంలో ఆడపిల్లలకు చదరంగం నేర్పుతూ ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మీ మావ ఎల్లిపోనాడే. నిద్దర్లోనే పోనాడు. బేగి రా," అంది. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి ఆమదాలవలస వెళ్ళే రైలెక్కాను.

మావయ్య అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా నాన్న కిరాణా కొట్టుకు ఎదురుగా ఆయన ధాన్యం కొట్టు. నాన్న ఆయన్ని "బావ" అని పిలిచేవాడు కాబట్టి మాకు మావయ్య అయ్యాడు. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక బస్తా మీద బోర్డు పెట్టేవాడు. రైలుకి ఇంకా టైముందని నీడకు నిలబడ్డవాళ్ళు, ధాన్యం దించి చెమట తుడుచుకుంటున్న రైతులు, ఎవరైనా సరే ఎదురుగా కూర్చోవాల్సిందే. ఎత్తు ఆలోచిస్తూ మచ్చు ధాన్యంలోంచి రెండు గింజలు తీసి, గోటితో ఒలిచి నమిలేవాడు. ఆట అయ్యేసరికి ఆయన చుట్టూ ఊకే. "ఈ లెక్కన సరుకంతా నువ్వే మింగీసేలాగున్నావు," అని అత్తయ్య చీపురు పట్టుకుని వచ్చేది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే ఆట. చదరంగంలో రాజును మధ్యలోంచి ఓ పక్కకు తప్పించి, పక్కనే ఏనుగును కాపలా పెట్టే ఎత్తు ఒకటుంది. కోట కట్టడమంటారు. ఇద్దరూ ఒకే పక్క కట్టుకుంటే ఆట నెమ్మదిగా సాగుతుంది. ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క కట్టారా, ఇక చూస్కోండి! తన రాజు లేని వైపు బంట్లన్నిటినీ ఎదుటివాడి కోట మీదికి తోలుకుపోవచ్చు. వాడూ అదే పని చేస్తాడు. మేం ఆడే తీరును పుస్తకాల్లో డ్రాగన్ అంటారని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మావయ్యకు పేర్లతో పని లేదు. "ఎదురిళ్ళాట" అనేవాడు.

"ఒసే గుంటా, ఇది పరుగు పందెం. నువ్వు ఆడింటి మీదకి ఎల్తన్నావు, ఆడు నీ ఇంటి మీదకి వస్తన్నాడు. నా ఇల్లేటైపోనాదో అని ఎనక్కి సూసినావా, అయిపోనావే," అనేవాడు. నేను స్వతహాగా పిరికిదాన్ని. బంటు తోసి మళ్ళీ వెనక్కి లాగబోతే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. "బంటు ఎనక్కి రాదు. తోసీకముందు బయపడు. తోసినాక బయపడితే ఏటి లాభం?"

ఆ కొట్లో కోట కట్టడానికి ఒక పద్ధతుండేది. ముందు ఏనుగును జరిపి, ఆ తరువాత రాజును దాని మీంచి దాటించేవాళ్ళం. "కాపలావోడు ఎల్లి సూసొచ్చినాకే గదా రాజు ఎల్తాడు," అని మావయ్య లాజిక్కు. మా వీధిలో అందరిదీ అదే పద్ధతి. తప్పని చెప్పినవాడు లేడు.

పదో తరగతిలో ఉండగా శ్రీకాకుళంలో జిల్లా పోటీకి నన్ను ఆయనే తీసుకువెళ్ళాడు. ఆఖరి ఆట గెలిస్తే రాష్ట్రం పోటీకి వెళ్తాను. తెల్లపావులు నావి. ఎదుటి అమ్మాయి అప్పటికే కోట కట్టేసుకుంది. సరిగ్గా ఎదురిళ్ళాటే వచ్చింది. నా గుండె ఎగిరి గంతేసింది. ఏనుగును మూడు గళ్ళు జరిపి, రాజు మీద చెయ్యి వేశాను. ఆ అమ్మాయి వెంటనే చెయ్యెత్తింది. రిఫరీ వచ్చి చూసి, "ముందు ఏనుగును ముట్టుకున్నావమ్మా. అంచేత ఏనుగు ఎత్తే చెల్లుతుంది. రాజు అక్కడే ఉంటాడు," అన్నాడు. రాజు నట్టనడుమ ఉండిపోయాడు. ఓడిపోయాను.

బయట మావయ్య చెరుకురసం గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు. "అంతా నీ వల్లే మావా! తప్పుడాట నేర్పినావు నాకు," అని నలుగురిలో అరిచాను. ఆయన గ్లాసు నా చేతిలో పెట్టి బస్సు వైపు నడిచాడు. ఇంటికొచ్చి, జన్మలో మళ్ళీ బోర్డు ముట్టనని అమ్మ మీద ఒట్టేశాను.

వారం తిరిగేసరికి మావయ్య బోర్డు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "తప్పు నాదే గుంటా. కనుక్కున్నాను. ముందు రాజునే ముట్టాలట. అరవై ఏళ్ళొచ్చినాయి, ఈ సెయ్యి నా మాట ఇనట్లేదు. నువ్వే నేర్పాల," అన్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆయన నేల మీద పావులు పేర్చుకుని ఒక్కడే ఆడుకున్నాడు. కోట కట్టే సమయానికి, "అయ్యో, మళ్ళీ ఏనుగే!" అన్నాడు. మర్నాడూ వచ్చాడు, మళ్ళీ ఏనుగే. మూడో రోజు నేను ఉండబట్టలేక, "రాజు మావా, ముందు రాజు!" అని లేచి కూర్చున్నాను. ఆయన తన చేతి మీద తనే ఒక్కటిచ్చుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. పది రోజుల పాటు ఆయనకు నేర్పానన్నమాట. ఏం గురువునో!

ఆ తరువాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, "మా గుంట నా మూలాన్నే ఓడిపోనాది," అని చెప్పుకునేవాడు. వింటూ ఊరుకున్నాను. సిగ్గులేనిదాన్ని, నిజమేననుకున్నాను కూడా.

చదరంగమే నాకు బతుకుతెరువు అయ్యాక, ఈ మధ్య ఒక సెలవురోజున, పోటీలో ఎత్తులు రాసుకున్న కాగితం తీసి ఆ పాత ఆట మళ్ళీ పేర్చి చూశాను. రాజు నడుమ ఉండిపోయినంత మాత్రాన నేను ఓడిపోలేదు. మరో ఆరు ఎత్తుల తరువాత కూడా గెలుపు నా చేతిలోనే ఉంది. అంచు బంటును ఒక్క గడి తోస్తే చాలు, ఆ అమ్మాయి కోట కూలిపోయేది. నేను భయపడి మంత్రిని వెనక్కి తెచ్చుకున్నాను. అక్కడ పోయింది ఆట. ముప్పై ఏళ్ళుగా నా పిరికితనాన్ని ఆయన నెత్తిన పెట్టి తిరుగుతున్నాను.

పోయిన నెలలో మావయ్యను చూడ్డానికి వెళ్ళాను. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆయనే ఆడదామంటే బోర్డు వేశాను. నల్లపావులు ఆయనవి. ఎడమచేత్తో ముందు రాజును, తరువాత ఏనుగును జరిపి కోట కట్టుకున్నాడు. నేను రెండో పక్క కట్టుకున్నాను. ఇక ఆగలేకపోయాను.

"మావా, ఆ రోజు నీ వల్ల కాదు. గెలిచే ఆట నేనే చేతులారా పోగొట్టుకున్నాను."

"నాకు తెల్దేటి? అంచు బంటు తోసుంటే అయిపోను," అన్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. "నువ్వు ఎత్తులు రాసిన ఆ కాయితం మీ అమ్మకాడ తీసుకుని మర్నాడే ఆడి సూసినాను."

"మరి చెప్పలేదేం? ఇన్నేళ్ళూ అందరి ముందూ..."

"తప్పు నీదంటే నువ్వు మరి బోర్డు ముట్టుకుందువేటి? నాదంటే నాకేటి పోనాది? దాన్యం అమ్ముకునేవోడిని." గోడ మీద గడియారం వైపు ఒకసారి చూసి, "నీదే ఎత్తు. ఆడు," అన్నాడు.

నాకు గళ్ళు కనిపించలేదు. తెల్లవీ నల్లవీ అన్నీ నీళ్ళలో కలిసిపోయాయి. మావయ్య దుప్పటి అంచు సర్దుకుంటూ, నేను కళ్ళు తుడుచుకునేదాకా అలాగే కూర్చున్నాడు.