సువాకిన్ నుంచి తిరిగొచ్చిన ఐదు పెట్టెలు

సౌదీలో మేముండే రాబిగ్ నుంచి జెడ్డా వెళ్ళడమంటే మా నర్సులకు మామూలుగా పండగే. చేపల వేపుడు, బట్టల కొట్లు, సముద్రపు ఒడ్డున ఫొటోలు. ఈసారి ప్రయాణం అలాంటిది కాదు. సూడాన్‌కు యంత్రాలు పంపాలి, దారి చెప్పమని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే ఆ రోజు గురించి నోరు విప్పేదాన్ని కాదు.

మాది తాడేపల్లిగూడెం. ఇక్కడ నాతో డ్యూటీ చేసే అమల్ సూడాన్ అమ్మాయి. వాళ్ళ దేశంలో సైన్యం గద్దెనెక్కిన ఆ చలికాలమే కరోనా మళ్ళీ విరుచుకుపడింది. అమల్ తమ్ముడు హాతిం, సువాకిన్ రేవుకు గంట దూరంలోని ఆసుపత్రిలో డాక్టరు. సైన్యం దిగిపోవాలని ఊరేగింపుల్లో నడిచినవాడు. ఒక్క సిలిండరును ముగ్గురు రోగులకు వంతులేసి పెడుతున్నామని అతను ఫోన్లో చెబితే, మా వార్డువాళ్ళం చందాలు వేసుకుని గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రాలు ఐదు కొన్నాం. సాయం పంపే పెద్ద సంస్థలనూ అడిగాం. వాళ్ళు పంపేదంతా ప్రభుత్వ గోదాముకే వెళ్ళాలట, అంటే సైన్యం చేతికే. అందుకని జెడ్డా నుంచి వెళ్ళే ఓడలో నేరుగా ఆసుపత్రికే పంపాం. పెట్టెలు సువాకిన్ చేరిన రోజు నుంచి హాతిం ఫోన్ మోగలేదు. పంతొమ్మిది రోజుల తర్వాత జెడ్డా గోడౌన్ నుంచి కబురొచ్చింది. పెట్టెలు వెనక్కి వచ్చాయి, వచ్చి తీసుకెళ్ళమని.

శనివారం ఉదయం ఐదున్నరకు నేనూ అమలూ మస్తాన్ గారి డైనాలో బయల్దేరాం. డైనా అంటే ఇక్కడి చిన్న సరుకుల లారీ. రానూపోనూ నాలుగు వందల రియాళ్ళు. మీరూ ఆ వేళకే బయల్దేరండి, ఆలస్యమైతే జెడ్డా శివార్లలో రద్దీ తగ్గేదాకా లారీలను ఆపేస్తారు. మస్తాన్ గారిది కడప. పద్నాలుగేళ్ళుగా ఈ రోడ్డు మీదే ఉన్నారు.

"వాపసు వచ్చినాయంటే మంచిదే గదా సిస్టర్? ఎవురూ ఎత్తకపోలా. ఇంగోసారి పంపుకోవచ్చు," అన్నారాయన.

"ఈ పిల్ల తమ్ముడు పలకడం లేదు మస్తాన్ గారూ. అదీ మా బాధ."

ఆయన మాస్కు పైకి లాక్కుని, "అట్లనా. అల్లా ఉండాడులేమ్మా," అన్నారు. రేడియో ఆపేశారు.

తువల్ దాటాక రోడ్డు పక్క హోటల్లో ఆగాం. వేడి తమీస్ రొట్టె, ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల ఫూల్, ముగ్గురికీ కలిపి పన్నెండు రియాళ్ళు. ఆ దారిన వెళ్తే తప్పక తినండని ఇంకో రోజైతే రాసేదాన్ని. అమల్ రొట్టె తుంచి తుంచి పళ్ళెంలోనే వదిలేసింది.

"యంత్రాలు అందితే వాడు వెనక్కి పంపడు. రేవుకు రాలేదంటే జబ్బుపడి ఉంటాడు, అంతేగా?" అంది మాకొచ్చిన అరబిక్, ఇంగ్లీషు కలిపి.

"అంతే," అన్నాను. ఇలాంటి అబద్ధాలు చెప్పడంలో నర్సులు ఆరితేరినవాళ్ళు.

ఎనిమిదిన్నరకల్లా రేవు దగ్గరి గోడౌన్‌కు చేరాం. ఇక్కడ ఉండేందుకిచ్చే ఇకామా కార్డు, పంపినప్పటి రసీదు చూపిస్తే పావుగంటలో పని అయిపోయింది. తిరుగు కాగితం మీద అరబిక్‌లో ఒకే ఒక్క కారణం రాసి ఉంది. స్వీకరించేవారు రాలేదు. అమల్ దాన్ని రెండుసార్లు చదివింది. నేను గోడవారగా ఉన్న పెట్టెల వైపు చూశాను. ఐదింటి మీదా నా దస్తూరీయే.

గల్ఫ్‌లో బతికే మనవాళ్ళకు ఒక అలవాటుంది. ఊరికి కార్గో పంపేటప్పుడు అట్టపెట్టెకు తాడు బిగించి, ఆరు వైపులా నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తాం. పెట్టె ఎలా పడినా పేరు పైకి కనిపించాలి. ఆసుపత్రి పేరు చాలని అమల్ అంది. "కార్గో సంగతి నీకేం తెలుసు?" అని దబాయించి, నంబరు చెప్పించుకుని మరీ రాశాను. డాక్టర్ హాతిం. ముప్ఫై చోట్ల.

ఆ ఓడలో సరుకుతో పాటు వెళ్ళొచ్చే ఇద్రీస్ అనే పెద్దాయన మమ్మల్ని బయట నీడలోకి పిలిచారు. ఆయనదీ సూడానే.

"రాలేదని రాశారు గానీ, వచ్చాడమ్మా," అన్నారు అమల్‌తో. "గేటు దగ్గర సిపాయిలు పెట్టె మీది పేరు చదివారు. వాళ్ళ దగ్గర ఏదో జాబితా ఉంది. పెట్టె మీది నంబరుకే ఫోన్ చేసి, మీ ఆక్సిజన్ వచ్చింది, సంతకం పెట్టి తీసుకెళ్ళండి అన్నారు."

"వాడు వచ్చాడా?"

"అంబులెన్సు వేసుకుని గంటలో వచ్చాడు. తెల్లకోటు కూడా విప్పలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందని నన్నడిగాడు. ఆ తర్వాత సంతకం పెట్టనివ్వకుండానే సిపాయిలు అతన్ని వేరే బండి ఎక్కించారు."

"ఎక్కడికి?"

ఆయన తల అడ్డంగా ఊపారు. అమల్ తిరుగు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు దారిలో వెనక పెట్టెల మధ్య కూర్చున్నాం. మార్కర్ సిరా శానిటైజర్‌తో పోతుందని నర్సులందరికీ తెలుసు. బ్యాగులోంచి సీసా తీసి దూదితో రుద్దడం మొదలుపెట్టాను. మొదటి అక్షరం చెదిరేసరికి అమల్ నా చెయ్యి పట్టుకుంది.

"చెరపకు. కాగితంలో వాడు రానే లేదు. ఇక్కడైనా ఉండనీ."

పెట్టెలు ఇప్పుడు మా క్వార్టర్లో ఉన్నాయి. అక్కడి రోగులు ఇంకా సిలిండరు వంతులేసుకుంటున్నారో, వంతు రాక పోయారో చెప్పే మనిషి లేడు. మంచి మనసుతో చేశావు కదా అని నన్ను ఓదారుస్తున్నారు. మంచి మనసుతోనే ఒక మనిషిని పట్టిచ్చాను, దానికి ఓదార్పు ఏముంటుంది? అమల్ రోజూ డ్యూటీ దిగాక ఆ నంబరు నొక్కుతుంది. నేను పక్క గదిలోకి వెళ్ళిపోతాను.

మీరు అడిగిన సలహా ఇదే. అలాంటి దేశానికి ఏదైనా పంపితే పెట్టె మీద ఆసుపత్రి పేరు ఒక్కటే రాయండి. మనిషి పేరు వద్దు, ఫోన్ నంబరు అసలే వద్దు. పోతే పెట్టె పోతుంది.