తొమ్మిది ఎకరాల సంతకం

నాకు తొమ్మిదెకరాల మాగాణి ఉంది. కాలువ పక్కన, రోడ్డు వారగా, ఒకే చెక్క. సార్వా పంట ఎదిగిన రోజుల్లో గట్టు మీద నుంచుని చూస్తే ఆ చివర కొబ్బరితోట దాకా ఒకటే పచ్చదనం. చుట్టాలెవరైనా వస్తే కారు ఆపించి, చెయ్యి గాలిలో ఒక్క తిప్పు తిప్పి, అదంతా మనదేనని చెబుతుంటాను.

తొమ్మిదీ మా తాతగారివి. ఆయన ముగ్గురు కొడుకులు పంచుకున్నాక మా నాన్నగారి వాటాకి మూడు వచ్చాయి. అందులో నీళ్లు పారే బోదె తవ్వడానికి ఇరవై సెంట్లు పోయి, నాకు దక్కింది రెండెకరాల ఎనభై సెంట్లు. పైరు ఎదిగితే సరిహద్దు గట్లు కనబడవు. అందుచేత నా చేతి తిప్పుడులో పెదనాన్నగార్ల పిల్లల పొలాలు కూడా వచ్చి పడేవి. వాళ్లెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్లకి ఆ సంగతి తెలియదు.

ఆ పొలాన్ని పదిహేనేళ్లుగా కౌలుకి చేస్తున్నది మా వెనక వీధిలోని భార్యాభర్తలు. ఆయన మాట్లాడడు. ఆ లోటు ఆవిడ తీరుస్తుంది. మా మధ్య కాగితం లేదు, నోటి మాటే. ఎకరానికి ఇన్ని బస్తాలని అనుకుంటాం, పంట అమ్మాక ఆ ధర కట్టి ఇస్తారు. మా వైపు అందరిదీ ఇదే పద్ధతి. దీనిలో ఒక తమాషా ఉంది. రికార్డుల ప్రకారం రైతుని నేను. నారు కట్ట ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలియని రైతుని. పోయినేడు కోతల ముందు వానలకి చేను పడిపోతే, పరిహారం నా ఖాతాలోనే పడింది. ఆ సాయంత్రమే తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టానని ఊరంతా చెప్పాను. పెట్టింది నిజమే, సాయంత్రం పెట్టిందీ నిజమే. కాకపోతే అది పన్నెండో రోజు సాయంత్రం.

ఈ వేసవిలో ఆవిడ ఒక కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. కౌలు రైతు కార్డుకి దరఖాస్తు. ఆ కార్డు ఉంటే బ్యాంకు పంట రుణం ఆవిడకే ఇస్తుంది, పంట పోతే పరిహారం ఆవిడకే వస్తుంది. దాని మీద పొలం యజమాని సంతకం ఉండాలి.

"బయటి వడ్డీలు కట్టడం మా వల్ల కాదండి మేష్టారూ. ఈసారి కార్డు రాకపోతే పొలం మీకు అప్పజెప్పేసి జంగారెడ్డిగూడెం వెళ్లిపోతాం. మా ఆడపడుచు వాళ్లు అక్కడ పామాయిల్ తోటల్లో గెలలు కోస్తన్నారు, రమ్మంటన్నారు."

అక్కడ అద్దె ఇల్లు చూసి, అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చారని తర్వాత తెలిసింది. ఆవిడకి ఊరు వదలడం ఇష్టం లేదు. నాట్ల రోజుల్లో ఇరవై మంది కూలీల మీద ఒక్క గొంతుతో పెత్తనం చేసే మనిషి వేరొకరి తోటలో గెలలు ఏరుకోవడం ఏమిటి?

సంతకం పెట్టడానికి నాకేం అడ్డం? కార్డు ఇస్తే కౌలుకి చేసేవాళ్లు రేపు పొలం మాదే అంటారని మా వైపు యజమానులందరికీ భయం. ఆ భయం గురించి టీ కొట్టు దగ్గర నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి. కానీ నాది అసలు ఆ భయమే కాదు. కార్డులు తీసుకున్నవాళ్ల పేర్లు, పక్కనే పొలం ఎవరిదో, ఎన్ని ఎకరాలో రాసి రైతు సేవా కేంద్రం గోడకి అంటిస్తారు. ఆ గోడ టీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. టీ కొట్టులోనూ నావి తొమ్మిదెకరాలే.

అందుకని గొంతు సవరించుకుని, ఇది ఇన్‌కమ్ టాక్స్‌తో ముడిపడిన వ్యవహారమనీ, భీమవరంలో మా ఆడిటర్ని అడగకుండా సంతకం పెట్టకూడదనీ చెప్పాను. ఆ దెబ్బతో నెల రోజులు గడిచిపోతాయనుకున్నాను.

"ఆయ్, అలాగేనండి. రేపు పది గంటల బస్సుకి నేనూ వస్తాను" అంది.

వచ్చింది. నాకు కిటికీ పక్కన సీటు కూడా పట్టింది.

ఆడిటర్ నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాడే. అంటే, నేను చెప్పింది డ్రాయింగు. లెక్కల మేష్టారు సెలవు పెట్టిన రోజున వెళ్లి క్లాసులో కూర్చునేవాణ్ణి. అతను లేచి దండం పెట్టి, మా ఇద్దరికీ కుర్చీలు వేయించి, నా పెన్షనూ డిపాజిట్ల వడ్డీ తనకి తెలుసుననీ, కౌలు సంగతే ఎప్పుడూ చెప్పలేదనీ అన్నాడు.

"ఎన్ని ఎకరాలండి మీకు?"

"తొమ్మిది."

ఆలోచించి అన్నది కాదు. దగ్గొచ్చినట్టు వచ్చేసింది. పక్క కుర్చీలో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను కంప్యూటర్లో అంకెలు టకటకా కొడుతూ వివరించాడు. కౌలు డబ్బు మీద పన్ను లేదు. కానీ పెన్షన్ లాంటి వేరే ఆదాయం ఉన్నవాళ్లకి, దాని మీద ఏ రేటున పన్ను వేయాలో తేల్చేటప్పుడు కౌలుని కూడా కలిపి చూస్తారట. అలా అంటూ తెర నా వైపు తిప్పాడు. అక్కడున్న అంకె చూసి నాకు మంచినీళ్లు కావలసి వచ్చాయి. నా గొప్పలకి ప్రభుత్వం పన్ను వేస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

"ఆరు అనుకో బాబూ" అన్నాను.

"అనుకోవడం కాదండి. పాస్‌బుక్‌లో ఎంతుంటే అంత."

ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ, "చెప్పెయ్యండి మేష్టారూ, నేనేం వినట్లేదు" అంది.

"రెండెకరాల ఎనభై సెంట్లు."

ఆ అంకెని నేను పైకి అనడం అదే మొదటిసారి. తెర మీది మొత్తం కిందికి జారిపోయింది. నా గుండె కూడా దాంతోపాటే జారి, పడాల్సిన చోట హాయిగా కూర్చుంది. కార్డు వల్ల పొలానికి ఏమైనా నష్టమా అని చివరి ప్రయత్నంగా అడిగాను. అది పదకొండు నెలలకి, పంట వరకే అనీ, భూమి జోలికి రాదనీ, పైగా కౌలు కింద ఎంత వచ్చిందో చూపడానికి నాకూ ఒక ఆధారం దొరుకుతుందనీ అతను అన్నాడు. ఇంక నా దగ్గర సాకులు లేవు. ఆవిడ దరఖాస్తు బల్ల మీద పరిచింది. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చింది. పెట్టాను.

తిరుగు బస్సులో, నా పొలం ఎంతో నీకు ముందే తెలుసు కదూ అని అడిగాను.

"ప్రతి గట్టూ నేనే కదండీ చెక్కేది. టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు. మీరు చెబుతుంటే బాగుంటుందని వింటారంతే."

బస్సు ఉండి ఊరు దాటేదాకా కిటికీలోంచి పొలం గట్లు లెక్కపెట్టాను. తర్వాత నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా ఊరంతా కలిసి నాకు లేని ఆరెకరాల ఇరవై సెంట్లనీ జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది.

కార్డు వచ్చింది. బ్యాంకు వాళ్లు అప్పు ఇచ్చారు. జంగారెడ్డిగూడెం ఇంటికి ఇచ్చిన అడ్వాన్సు మాత్రం ఆవిడ వెళ్లి, గట్టిగా మాట్లాడి వెనక్కి తెచ్చుకుంది. విత్తనాలు ఇచ్చే రోజున రైతు సేవా కేంద్రానికి నేనూ వెళ్లాను. మా పొలం వంతు రాగానే అలవాటు కొద్దీ కుర్చీలోంచి సగం లేచాను. పిలిచింది ఆవిడ పేరు. ఆవిడ నా పక్కనుంచే కార్డు పట్టుకుని ముందుకు నడిచింది. అంత నెమ్మదిగా నడవగలదని నాకు తెలియదు. వేలిముద్ర వేసి, బస్తా తీసుకుని, నా వైపు తిరిగింది.

"ఊరికే నుంచున్నారు కదండి. ఇలా ఓ చెయ్యి వేయండి."

ముప్పై కిలోల బస్తా. ఈ వయసులో, మిట్టమధ్యాహ్నం, బండి దాకా ఒక్కణ్ణే మోశాను. ఒక్కణ్ణే అంటే, ముందు వైపు ఆవిడ పట్టుకుంది, వెనక ఆవిడ భర్త పట్టుకున్నాడు. నేను పక్కన నడుస్తూ బస్తా మీద చెయ్యి వేశాను.