మార్లిస్ గెలిపించిన చట్టం

మా కిటికీల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలకు అద్దాలు బిగించే చోట మార్లిస్ నా పక్కనే నిలబడి పనిచేసేది. మెషిన్ల రొదలో కూడా వినిపించేంత గట్టిగా నవ్వే మనిషి. పెళ్లయిన రెండో ఏడు ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. మందులు ఎక్కిస్తే అండాలు పాడవుతాయనీ, ముందే తీసి భద్రపరిస్తే తర్వాత పిల్లల్ని కనవచ్చనీ డాక్టరు చెప్పింది. బీమావాళ్లు ఒప్పుకోలేదు. క్యాన్సర్ జబ్బే గాని, పిల్లలు కావాలనుకోవడం జబ్బు కాదన్నారు. మార్లిస్ బతికింది. ముట్లు ఆగిపోయాయి. పిల్లల కోసమని ఆమె మొగుడు రోల్ఫ్ పసుపు రంగు వేసిన చిన్న గదిలోకి వేట బూట్లు, చలికోట్లు చేరాయి.

కొన్నేళ్లకు మా రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. క్యాన్సర్ వచ్చినవాళ్ల అండాలు దాచే ఖర్చు బీమానే భరించాలని. దాని గురించి సభ్యుల ముందు మాట్లాడే మనిషి కావాలన్నారు. చర్చిలో నిలబడి నాలుగు మాటలు చెప్పమంటేనే పారిపోయే మార్లిస్, వస్తానంది. మంచులో రాజధాని దాకా నేనే కారు నడిపాను.

"ఏం మాట్లాడతావే అక్కడ?" అన్నాను.

"నాకేం తెలుసు? నోరు తెరిస్తే ఏదో ఒకటి రాకపోదు. రాకపోతే వెనక నుంచి గట్టిగా గిల్లు."

గిల్లాల్సిన అవసరం రాలేదు. ఒక పెద్దాయన కళ్లజోడు తీసి, "చూడమ్మా, మీ కష్టానికి మాకూ బాధగానే ఉంది. కానీ ఇలా ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే అందరి మీదా భారం పడదా?" అన్నాడు.

"నా జుట్టు ఊడిపోతే బీమావాళ్లు విగ్గు ఇచ్చారండీ," అంది మార్లిస్. "మంచి విగ్గు. నా సొంత జుట్టు కంటే బాగుండేది. అది భారమని ఎవరూ అనలేదు. జుట్టు మళ్లీ మొలిచింది. నేనొచ్చింది మళ్లీ మొలవని దాని గురించి."

మరుసటి వసంతంలో బిల్లు చట్టమైంది. ఆ రోజు ఫ్యాక్టరీ భోజనాల గదిలో, "నాయకురాలు గారొచ్చారు, కుర్చీ వేయండ్రా!" అని అందరూ గోల. "కుర్చీ తర్వాత, ముందు బల్ల మీద నువ్వొలకబోసిన కాఫీ తుడువు," అని నవ్వింది మార్లిస్. ఆ చట్టం వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి తనకు తెలుసు. ఇంకో పిల్లకు పనికొస్తుంది కదా అనేది.

ఆ ఇంకో పిల్ల రోల్ఫ్ చెల్లెలు అనికానే అవుతుందని ఎవరనుకున్నారు! ఇరవై మూడేళ్లు. మా ఫ్యాక్టరీలోనే రంగులు వేసే పని. మెడ మీద గడ్డ కనిపించింది. లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. మందులు మొదలుపెట్టడానికి రెండు వారాలు ఆగొచ్చు, అండాలు దాచుకోవాలంటే ఈలోపే అన్నారు. రోల్ఫ్ తన పికప్ బండి అమ్మేస్తానన్నాడు. మార్లిస్ వద్దంది.

"బండెందుకు అమ్మడం? ఇప్పుడు చట్టం ఉంది. బీమానే ఇస్తుంది."

"నిజంగానా వదినా?" అంది అనికా.

"నిజంగానే. ఏడవకు. నీకేం కాదు."

అనుమతి కోసం ఎదురుచూపులతోనే మొదటి వారం గడిచిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రిలో బీమా చూసే ఆవిడ మార్లిస్‌నీ అనికానీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. కార్డు మీద పేరు బీమా కంపెనీదే అయినా, ఆ కంపెనీ బిల్లులు చూసిపెడుతుందంతే. మా వైద్యానికి డబ్బు పెట్టేది ఫ్యాక్టరీయే. అలాంటి ఏర్పాట్లు కేంద్ర ప్రభుత్వ చట్టం కిందకి వస్తాయి, రాష్ట్ర చట్టం వాటికి వర్తించదు.

"ఆ చట్టం కోసం మాట్లాడింది నేనేనండీ," అంది మార్లిస్.

"తెలుసమ్మా. టీవీలో చూశాను. మీవల్ల ఇక్కడ ఎంతోమందికి ఆ ఖర్చు బీమానే ఇస్తోంది. మీ ఫ్యాక్టరీకే వర్తించదు."

అటునుంచి అటే మార్లిస్ మా యజమాని హాల్వర్ దగ్గరికి వెళ్లింది. చర్చిలో మార్లిస్ వాళ్ల వెనక బెంచీలోనే కూర్చునే మనిషి. అంతా విని కళ్లు తుడుచుకున్నాడు గాని, బీమా ఏర్పాటును ఏడాది మధ్యలో మార్చడానికి లేదన్నాడు.

"జనవరిలో కలుపుతాను మార్లిస్. మాటిస్తున్నాను."

"జనవరికి ఆ పిల్లకేం మిగులుతుంది హాల్వర్?"



రోల్ఫ్ బండికి బేరం కుదిర్చాడు. కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. ఆదివారం పొద్దున అనికాకు ఊపిరి ఆడలేదు. గడ్డ పెరిగి గొంతును నొక్కుతోందనీ, ఇక ఒక్క రోజు కూడా ఆగడానికి లేదనీ చెప్పి డాక్టర్లు అప్పటికప్పుడు మందు ఎక్కించారు. మేం వెళ్లేసరికి సీసాలోంచి మందు బొట్లు బొట్లుగా దిగుతోంది. మార్లిస్ మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల పాదాలు నిమురుతోంది.

"నువ్వు చెప్పకపోయుంటే అన్నయ్య మొదటి రోజే బండి అమ్మేసేవాడు వదినా," అంది అనికా. గొంతులో కోపం కూడా లేదు. కోప్పడినా బాగుండేది.

మార్లిస్ నిమరడం ఆపలేదు.

అనికా బతికింది. ఏడాది తిరిగాక చేసిన పరీక్షల్లో అండాలేవీ మిగల్లేదని తేలింది. హాల్వర్ మాట తప్పలేదు, జనవరిలోనే ఆ ఖర్చును కలిపాడు. ఆ కబురు మాకందరికీ చెప్పిన రోజు, చప్పట్లు మొదలవకముందే మార్లిస్ లేచి తన మెషిన్ దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత చాలాసార్లు అనికా క్షమించమని అడిగింది. "నువ్వన్నదాంట్లో తప్పేముందే," అంటుంది మార్లిస్. ఆదివారాలు ఇద్దరూ వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తూ చలి గురించి, కుక్క గురించి, రోల్ఫ్ గురక గురించి మాట్లాడుకుంటారు. నేనూ వెళ్తుంటాను. పోయిన వారం అనికా ఏదో జోకు వేస్తే ఫక్కున నవ్వింది మార్లిస్, మునుపటంత గట్టిగా. వెంటనే చేత్తో నోరు మూసుకుని, కత్తి కింద పెట్టి, పెరట్లోకి వెళ్లింది. అనికా కూడా లేచి ఆమె వెనకే వెళ్లింది. నేను వెళ్లలేదు.