తుప్పు పట్టని పూత

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. పోయిన ఎన్నికలకు మా ఆయన కూడా తన పిస్టల్ అప్పగించి, అంతా ముగిశాక తెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా నడింట్లో పాత దుప్పటి పరిచి, పిస్టల్‌ను విప్పి భాగాలన్నీ వరసగా పెట్టి, నన్ను పిలిచాడు.

"ఇట్ల రా. దీని గతి సూడు."

పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే ఇనుప భాగాన్ని స్లైడ్ అంటారు. నిగనిగలాడే ఆ నలుపు మీద ఎర్రటి మచ్చలు లేచి ఉన్నాయి. స్టేషన్‌లో ఏ చెమ్మ మూలనో పడేసి ఉంటారని తిట్టుకుంటూ సాయంత్రం దాకా నూనె గుడ్డతో రుద్దాడు. మచ్చలు పోయాయి. కొన్నాళ్లకే మళ్లీ వచ్చాయి. ఈసారి అవి స్లైడ్ మీద కాదు, పిడి పైభాగంలో, సరిగ్గా ఆయన వేళ్లు ఆనే చోట వచ్చాయి. ఆ తప్పు స్టేషన్‌ది కాదని, ఆయన అరచేతి చెమటదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మాది తిరుచానూరులో అద్దె ఇల్లు. పిల్లలు లేరు. నేను అమ్మవారి గుడి దగ్గర ఒక లాడ్జిలో యాత్రికులకు గదుల తాళాలు ఇచ్చే పని చేస్తాను. ఆయన సైన్యంలో చేసి వచ్చాక తిరుపతిలో ఒక నగల అంగడిలో గన్‌మ్యాన్‌గా చేరాడు. సొంత తుపాకీ ఉన్న గార్డుకు తలుపు పక్కన కుర్చీ, నెత్తిన ఫ్యాను ఉంటాయి. తుపాకీ లేని గార్డు బయట ఎండలో బండ్లు సర్దాలి. ఆయన ఎప్పుడూ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. తాళిబొట్టు చేయించుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు కూడా ఆయనకు దండం పెట్టి లోపలికి పోయేవాళ్లు. పైకి నవ్వుతూ చెప్పేవాడు గానీ, ఆ దండాలంటే ఆయనకు ఇష్టం.

చెయ్యి వణకడం అంతకు ముందే మొదలైంది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే అంచు మీంచి కాఫీ తొణికేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. తిరుపతిలో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన మా ఆయన్ను గదిలో అటూ ఇటూ నడిపించి, బొటనవేలికి చూపుడువేలిని టకటకా తాకించి, కాగితం మీద గుండ్రాలు గీయించి, జబ్బు పేరు చెప్పాడు. ఇది నయమయ్యేది కాదు, మాత్రలతో కొంతకాలం అదుపులో పెట్టుకోవాల్సిందే అన్నాడు. చేతులకు ఈ చెమట ఏమిటని నేను అడిగితే, ఆ జబ్బులో అదీ ఉంటుందన్నాడు.

బయటికి వచ్చి మందుల అంగడి ముందు నిలబడ్డాం. మా ఆయన మొదట అన్న మాట ఇది.

"మా అంగట్లో ఎవురికీ తెలీకూడదు."

"సేతికి వణుకు పెట్టుకోని, నడుముకు తుపాకీ పెట్టుకోని ఎట్లయ్యా?"

"ఇన్నేండ్లలో ఒక్కసారన్నా పేల్చినానా? అది నడుముకు ఉంటే సాలు. జనం సూస్తే సాలు."

నేను ఆ అంగడికి చాలాసార్లు పోయాను. పెండ్లిళ్ల కాలంలో లోపల నిలబడటానికి చోటుండదు. చిన్నపిల్లలు పెద్దవాళ్ల కాళ్ల సందుల్లో పరుగెత్తుతుంటారు. ఆ జనం మధ్య ఆయన చెయ్యి పిస్టల్ మీద ఆని ఉండటం గుర్తొస్తే, లాడ్జిలో ఒక గదికి బదులు ఇంకో గది తాళం ఇచ్చేసేదాన్ని.

ఒకరోజు అంగడి మేనేజరు ఆ తుప్పు చూశాడు. "ఏమన్నా, నీ గన్ను సూస్తే దొంగ నవ్వి పోతాడు. బాగు సేయించుకో" అని అందరి ముందు అన్నాడట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖం మాడిపోయి ఉంది. మరుసటి రోజు నుంచి ఫోను పట్టుకున్నాడు. ఇనుముకు ఎన్ని రకాల పూతలున్నాయి, ఏది చెమటకు ఆగుతుంది, ఏది గీతలు పడదు, ఇవే వీడియోలు. అన్నం తింటూ నాకు వివరించేవాడు. జబ్బు బయటపడ్డాక ఆయన కళ్లలో మళ్లీ వెలుగు చూసింది ఆ రోజుల్లోనే. ఆ జబ్బు గురించి ఒక్క ప్రశ్న కూడా ఎప్పుడూ ఎవరినీ అడగని మనిషి, పూత గురించి మాత్రం అడగని ప్రశ్న లేదు. నేను ఊ కొడుతూ వినేదాన్ని.

చిత్తూరులో ఒక ముసలాయన లైసెన్సుతో తుపాకుల పని చేస్తాడని ఎవరో చెప్పారు. ఇద్దరం బస్సులో పోయాం. మా ఆయన పిస్టల్ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని, వణికే చేతిని దాని కింద దాచుకుని కూర్చున్నాడు. పూతలపట్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఎదురు సీటులో ఒకామె ఆ సంచినే చూస్తుంటే, నేను నా కొంగు తీసి దాని మీద కప్పాను.

ఆ అంగడి ఒక ఇరుకు సందులో ఉంది. ముసలాయన తాతల కాలం నుంచీ వాళ్లది అదే పని. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. అడవిపందులు, ఏనుగులు పడే చేన్ల రైతులు ఒకప్పుడు వరసలో నిలబడి తుపాకులు బాగు చేయించుకునేవాళ్లట. ఇప్పుడు గోడకు రెండు పాత తుపాకులు ఆనించి ఉన్నాయి, అంతే. మా ఆయన పిస్టల్ ఖాళీదేనని చూపించి ఆయన చేతికిచ్చాడు. ముసలాయన భూతద్దం పెట్టి పిడి చుట్టూ చూశాడు.

"నీలం పూతైతే నేనే ఏస్తాను అప్పా. పేరుకే నీలం, కొత్తదాని మాదిరి నల్లగా వస్తాది. కానీ నీ సెమటకు అది ఆగదు. ఏడాదికే మళ్లీ ఇట్లే వస్తావు."

"బూడిద రంగుది ఒకటి ఉండాది కదా భాయ్?"

"ఫాస్ఫేటా? అది నూనె తాగతాది. నువ్వు దినామూ పూస్తా ఉండాల."

"పొయ్యిలో పెట్టి కాల్చే పెయింటు?"

"సిరామిక్. సెమటకు బాగా ఆగతాది. కానీ తోలు ఒరలో పెట్టి తీసి, పెట్టి తీసి, అంచుల కాడ అరిగిపోతాది."

"మరి దేన్ని ఎయ్యమంటావు?"

"హార్డ్ క్రోమ్. అదొకటే. సెమటా, వానా, ఏమీ సెయ్యలేవు. నువ్వు పొయ్యినా నేను పొయ్యినా అది ఉంటాది."

"అదే ఎయ్."

ముసలాయన తొందరపడలేదు. పాత నలుపంతా గీకెయ్యాలని, ఒకసారి గీకితే కంపెనీ పూత మళ్లీ రాదని చెప్పాడు. "రేపు అమ్ముకోవాలంటే కొనేవాడు మొగం తిప్పుకోని పోతాడప్పా. ఆలోచన చేసుకో."

"అమ్మేది ఎవురు?" అన్నాడు మా ఆయన.

చెమట ఎక్కడెక్కడ తగులుతుందో చూడాలి, ఒకసారి పట్టుకుని చూపించమన్నాడు ముసలాయన. మా ఆయన పట్టుకున్నాడు. పిస్టల్ మూతి గాల్లో అటూ ఇటూ ఊగింది. ఆయన మోచేతిని ఒంటికి అదిమి పెట్టాడు. అయినా ఆగలేదు. ముసలాయన ఏమీ ఎరగనట్టు, మెల్లగా దాన్ని తీసుకుని గుడ్డలో చుట్టాడు.

"క్రోమ్ పూతకు ముంచే తొట్టి నా కాడ లేదు. మద్రాసులో లైసెన్సు ఉండే పెద్ద అంగడి ఉండాది, ఆడికి పంపాల. కాగితాలన్నీ సరిగ్గా పోవాల. నెలలు పడతాది."

ఆ చివరి మాట ముసలాయన నన్ను చూస్తూ అన్నాడు.

"పడనీండి. తొందరేం లేదు" అన్నాను.

"నీకేం తెలుసని మాట్లాడతా ఉండావు?" అని మా ఆయన గసిరాడు.

ఆ నెలల్లో నగల అంగడివాళ్లు ఆయన్ను బయట బండ్ల దగ్గర పెట్టారు. మెడలో ఈల, ఎండలో నిలబడటం. "గన్ను మద్రాసు నుంచి వస్తానే లోపలికి పోతా" అని పక్క అంగళ్లవాళ్లకు చెప్పుకునేవాడు. నాకు మాత్రం గుండెల మీది బరువు దిగింది. ఆయన ఎండకు కమిలిపోతున్నాడని బాధగా ఉండేది, తుపాకీ దగ్గర లేదని హాయిగా కూడా ఉండేది. జబ్బు ఆగలేదు. అడుగులు చిన్నవయ్యాయి. కుడిచేతి వణుకు ఎడమచేతికీ పాకింది. గొంతు సన్నబడింది. కారువాళ్లను పక్కకు పొమ్మని అరిస్తే వాళ్లకు వినబడేది కాదు. డాక్టరు మాత్రలు పెంచాడు. పెంచినప్పుడు కొన్ని వారాలు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే.

చివరికి ముసలాయన ఫోను చేశాడు. ఆ రోజు మా ఆయన పెండ్లికి పోయేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు నేను పెట్టాను.

ముసలాయన గుడ్డ విప్పాడు. తుపాకులంటే ఇష్టం లేని నాకు కూడా అది అందంగా కనిపించింది. మెరుపు లేదు. వానకు ముందు మబ్బు రంగులో, ఒక్క గీతా మచ్చా లేకుండా ఉంది. మా ఆయన వేలితో దాని మీద రాసి చూసుకున్నాడు. "ఇంక దీనికి సావు లేదు భాయ్" అని నవ్వాడు.

తుపాకీ చేతిలోకి తీసుకోగానే స్లైడ్ వెనక్కి లాగి లోపల ఏమీ లేదని చూసుకోవడం ఆయనకు సైన్యం నుంచీ అలవాటు. కుడిచేత్తో పిడి పట్టుకుని ఎడమచేత్తో లాగాడు. వేళ్లు జారాయి. చేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ లాగాడు. స్లైడ్ కొంచెం కదిలి ముందుకే వచ్చేసింది. పిస్టల్‌ను కడుపుకు ఆనించుకుని, పళ్లు బిగబట్టి లాగాడు. మెడ నరాలు పొంగాయి. రాలేదు.

"కొత్త స్ప్రింగు ఏసినానప్పా" అన్నాడు ముసలాయన గబగబా. "శానా బిర్రుగా ఉండాది. పొద్దన్నే నాక్కూడా రాలా."

మా ఆయన ముసలాయన ముఖంలోకి చూశాడు. తర్వాత పిస్టల్‌ను ఆయన ముందుకు చాపాడు.

"ఏదీ, నువ్వు లాగు."

"ఎందుకులే అప్పా, నూనె పడితే సరిపోతాది..."

"లాగు భాయ్."

ముసలాయన తీసుకున్నాడు. ఆయనకు మా ఆయనకంటే వయసు ఎక్కువ, ఒక కంటికి శుక్లం. స్లైడ్ చులాగ్గా వెనక్కి వచ్చింది. టక్కుమని ఒక్క శబ్దం.

"పూత బాగొచ్చింది" అన్నాడు మా ఆయన. "ఈడనే పెట్టుకో. అమ్మెయ్."

"ముందే చెప్తిని కదప్పా, దీన్నింక..."

"తెలుసు."

మరుసటి రోజు తనంతట తానే పోయి మేనేజరుకు జబ్బు సంగతి చెప్పి, ఈల ఇచ్చేసి వచ్చాడు. వాళ్లేమన్నారని అడిగితే, "ఏమంటారు? మంచిదన్నారు" అన్నాడు. ఇన్నేళ్లు కూర్చున్న కుర్చీలో అప్పటికే వేరే ఊరి గన్‌మ్యాన్ ఉన్నాడట. ఆ రోజు నుంచి ఫోనులో వీడియోలు చూడటం మానేశాడు. ఫోను మోగినా నేనే తీయాలి.

పిస్టల్‌ను ఎవరూ కొనలేదు. అడిగిన ఒకరిద్దరూ రంగు చూసి వెనక్కి పోయారు. ఈ మధ్య ముసలాయన అంగడి మూసేస్తున్నానని కబురు చేశాడు. కొడుకు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు, తనకు చూపు ఆనడం లేదు. కొనేవాళ్లు లేరు కాబట్టి పిస్టల్‌ను లైసెన్సుతో సహా సర్కారుకు అప్పగించేయాలి. వాళ్లు ఏదో ఒక రోజు కరిగించేస్తారు. కాగితాల మీద సంతకాలకు రమ్మన్నాడు.

అప్పటికి మా ఆయన్ను బస్సు ఎక్కించడమే కష్టంగా ఉంది. ఆటో మాట్లాడుకుని పోయాం. అంగడిలో గోడలు బోసిగా ఉన్నాయి. ముసలాయన పిస్టల్ బయటికి తీసి, "ఒకసారి సూసుకుంటావా అప్పా?" అని అడిగాడు. మా ఆయన వద్దని తల అడ్డంగా ఊపాడు.

కాగితం మీద సంతకం పెట్టాడు. లైసెన్సులో ఉన్న సంతకం పక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం కలవలేదు. ముసలాయన నొచ్చుకుంటూ, "వాళ్లు దీన్ని వాపసు పంపేస్తారు. ఏలిముద్ర ఎయ్యాల" అన్నాడు.

"నేను సదువుకున్నోణ్ణి భాయ్."

"తెలుసప్పా."

ముసలాయన సిరా డబ్బా మూత తీశాడు. వేలు కాగితం మీద నిలవలేదు, ముద్ర చెదిరిపోయింది. ముసలాయన ఇంకో కాగితం తెచ్చాడు. మా ఆయన నా వైపు తిరిగి, వినీ వినబడని గొంతుతో, "నువ్వు పట్టుకో. గట్టిగా పట్టుకో" అన్నాడు. ఆయన మణికట్టును రెండు చేతులతో బల్లకు అదిమి పట్టుకుని వేలిని ఆనించాను. ఈసారి గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి. ముసలాయన కాగితం మీద ఊది ఆరబెట్టాడు. నేను నా కొంగుతో మా ఆయన వేలికున్న సిరా తుడిచాను. పూర్తిగా పోలేదు. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు.