సిరిసిల్లలో నాకు లేని యాభై మిషన్లు

జగిత్యాలలో కొత్తగా కట్టిన గిరిజన సాంస్కృతిక కేంద్రం ఉంది కదా, దాని పెద్ద హాలు పైకప్పుకు బిగించిన వెదురు తడకలన్నీ నా చేతులతో నేనే అల్లాను.

అన్నీ అంటే, సగం.

సగం కూడా కాదు. ఈ వయసులో మొదటి వాక్యంలోనే ఇంత అబద్ధం ఆడితే చివరికి వచ్చేసరికి ఊపిరి అందదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ తడకలు అల్లింది నా భార్య, నా బిడ్డ, కోరుట్లలో మా గల్లీలోని ఇంకో ఆరుగురు ఆడవాళ్లు. నేను చేసిందల్లా ఒక్కటే. ఆ పని వాళ్లకు రాకుండా పోయేంత పని చేశాను.

మేం ఎరుకలవాళ్లం, గిరిజనులమే. వెదురు మా కులవృత్తి. మా ఇంట్లో ఆడవాళ్లు బొంగు చీల్చి, సన్నటి బద్దలు తీసి, గంపలు, చాటలు, తడకలు అల్లేవారు. నేను వాటిని కావడికి కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాణ్ణి. నలభై ఏళ్లు అమ్మాను. అల్లేవాళ్లకు కత్తి ఎట్లాగో అమ్మేవాడికి నోరు అట్లాగ. "ఈ చాట నీ మనుమరాలి పెండ్లికి సుత పనికొస్తది" అని మెట్‌పల్లిలో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు. "ఈ గంపల నీళ్లు పోసినా కారవు" అని కూడా చెప్పాను. ఒకామె నా ముందే బిందెడు నీళ్లు తెచ్చి పోసి చూసింది. ఆ వీధికి మళ్లీ పోలేదు.

మా సరుకుకు ఒక గుర్తు ఉండేది. నా భార్యది పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం. అందరి ఏటవాలు అల్లిక కుడికి వాలితే ఆమెది ఎడమకు వాలుతుంది. బిడ్డ, గల్లీ ఆడవాళ్లు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. వాళ్లంతా కుడిచేతివాళ్లే, అయినా ఆమె చేతులు చూసి చూసి వాళ్ల అల్లిక కూడా ఎడమకే అలవాటు పడింది. సంతలో మా చాటను పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. మంచిదని కాదు, ఉల్టా ఉందని.

ఇక సెంటర్ సంగతి. దాన్ని కట్టేటప్పుడు సర్కారు ఒక నిబంధన పెట్టింది. పెద్ద కాంట్రాక్టరు ఎవరైనా సరే, పనిలో కొంత భాగం గిరిజనుల సొంత వ్యాపారాలకే ఇవ్వాలి. పేరుకు ఒక గిరిజనుడిని ముందు నిలబెట్టి వెనక ఇంకెవరో చేసుకుపోతే చెల్లదు. ఇసుక ట్రాక్టర్లు లంబాడా అన్నదమ్ములకు వచ్చాయి, తలుపులు నాయకపోడు వడ్రంగులకు వచ్చాయి. హాలు పైకప్పుకు చేత్తో అల్లిన వెదురు తడకలు కావాలన్నారు. నా బిడ్డ గల్లీ ఆడవాళ్లను కూడగట్టి సంఘం రిజిస్టర్ చేయించి, ఒక నమూనా తడక అల్లించి జగిత్యాల ఆఫీసులో ఇచ్చి వచ్చింది. వాళ్లకు నచ్చింది. ఆర్డరు కాగితం మీద సంతకం పడటమే మిగిలింది.

ఆ కాగితం మాకు మామూలుది కాదు. ప్లాస్టిక్ తట్టలు వచ్చాక మా గంపల మొహం చూసేవాళ్లు లేరు. పెళ్లిళ్లకు నాలుగు చాటలు పోతే పోయినట్టు. ఆ ఆరుగురిలో ఇద్దరు అప్పటికే బీడీలు చుట్టడానికి మళ్లారు. ఈ పని రాకపోతే కత్తులు అటక మీద పెట్టేస్తానని నా భార్య అంది. ఆమె అన్నదంటే చేస్తుంది. మా ఇంట్లో ఆ గుణం ఆమెకొక్కదానికే ఉంది.

తడకల వెనక దుమ్ము రాలకుండా పల్చటి గుడ్డ వేయాలి. ఆ గుడ్డ తేవడానికి బిడ్డ నన్ను సిరిసిల్లకు పంపింది.

"బాపూ, గుడ్డ తే. గుడ్డ తప్ప ఏం తేకు. ఎవ్వలతోని ఏం మాట్లాడకు."

"నేనేం మాట్లాడుత బిడ్డా?"

"గదే నా భయం."

సిరిసిల్లలో ఏ సందులోకి పోయినా మరమగ్గాల చప్పుడే. ఒక షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్క మనిషి మగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు, గుడ్డ దానంతటదే చుట్టుకుంటోంది. నాకు కడుపు మండింది. కావడి మోసి మోసి నా భుజం మీద కాయ కాసింది, ఇక్కడ పనేమో దానికదే అయిపోతోంది! ఆ మంటతోనే గుడ్డ కొని బస్సెక్కాను. వేములవాడ దాటేదాకా నోరు విప్పలేదు. నా మట్టుకు అదొక తపస్సు.

పక్క సీట్లో ముప్పై ఏళ్ల మనిషి, ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం పని జేస్తవ్ తాతా?"

"తడకలు."

"మంచిగ నడుస్తుందా?"

అక్కడ 'ఆ' అని ఊరుకుంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

"నడుసుడేంది సారూ, ఉరుకుతాంది. జగిత్యాల సెంటర్ పని మాదే."

"అవునా! ఎంతమంది అల్లుతరు?"

"మనుషులెందుకు? సిరిసిల్లల యాభై మిషన్లున్నయి. బటన్ ఒత్తుడు, తడక తీసుడు."

"వెదురు తడకలు మిషన్ మీదనా?"

"జపాన్ మిషన్లు."

"మరి సంఘం ఎవరో ఆడోళ్లదని విన్న?"

"సంతకం నా బిడ్డది. నడిపేది నేను."

ఆయన కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. నా మాటలు అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. కోరుట్లలో ఇద్దరం దిగాం. నమస్తే పెట్టి మరీ పోయాడు. నేను మీసం సర్దుకుంటూ ఇంటి దారి పట్టాను. ఆయన జగిత్యాల బస్సెక్కాడు. ఎందుకంటే ఆయన ఆ సెంటర్ కడుతున్న ఇంజినీరు.

నాలుగో రోజు బిడ్డకు ఫోను వచ్చింది. వింటూ వింటూ నా వైపు తిరిగింది. నేను గోడ వైపు తిరిగాను.

"బాపూ, మనకు సిరిసిల్లల మిషన్లున్నయట."

"ఎవలన్నరు?"

"బస్సుల ఒక తెల్లమీసాల ముసలాయన జెప్పిండట. చంకల గుడ్డచుట్ట ఉండెనట. జపాన్ మిషన్లట."

"జపాన్‌యి మంచిగుంటయి," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

ఆర్డరు ఆపేశారు. సిరిసిల్ల షావుకారు ఎవరో నా బిడ్డ పేరు అడ్డం పెట్టుకుని మిషన్ తడకలు అంటగడుతున్నాడని వాళ్ల అనుమానం. సోమవారం ఇంటికొచ్చి తనిఖీ చేస్తామన్నారు. తేలకపోతే పని ఇంకొకరికి పోతుంది. నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజులు అసలు మాటే లేదు. అన్నం మాత్రం పెట్టింది. పప్పులో ఉప్పు లేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

సోమవారం జీపు వచ్చింది. అందులోంచి ఒక మేడం, ఒక సారు, బస్సులో కలిసిన ఇంజినీరు దిగారు. నేను తెల్ల ధోతి కట్టుకుని నిజం చెప్పడానికి తయారుగా ఉన్నాను. అలవాటు లేని పని.

"మేడం, నేను బస్సుల జెప్పింది అంత అబద్ధం. మిషన్లు లేవు, ఏం లేవు."

"అప్పుడు ఉన్నయంటివి, ఇప్పుడు లేవంటున్నవ్. ఏది నమ్మాలె?"

"ఇప్పటిది నమ్మాలె మేడం."

"ఏడ దాచినవ్?"

"యాభై మిషన్లు దాచే జాగ నాకేడుంది మేడం?"

"అంటే యాభై లేవు, తక్కువున్నయి," అంటూ సారు కాగితం మీద రాసుకున్నాడు.

నలభై ఏళ్లు అబద్ధాలు అమ్మితే బేరమాడకుండా కొన్నారు. ఒక్క నిజం ఉత్తగా ఇస్తానంటే తీసుకునేవాడు లేడు.

ఇంజినీరు ముందుకొచ్చాడు. "నడిపేది నేనే అన్నవ్ గద తాతా. ఇగో, ఒక బొంగు చీల్చి చూపెట్టు."

కత్తి పట్టాను. బొంగు మీద ఒక్కటి వేశాను. బొంగు చీలలేదు, నా బొటనవేలు చీలింది. రక్తం చూసి 'అవ్వో' అని నేనే ముందు అరిచాను. వచ్చినవాళ్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల కళ్లలో నేను షావుకారు కూలికి తెచ్చి కూర్చోబెట్టిన దొంగ తాతనైపోయాను.

"ఈయన అసలు ఎరుకలాయనేనా?" అన్నాడు సారు.

అప్పుడు లేచింది నా భార్య. మూడు రోజులుగా దాచుకున్నదంతా మా ఇంటి భాషలో నా మీద కుమ్మరించింది. తెలుగులోకి దింపితే సగం కారం పోతుంది కాబట్టి దింపను. తిడుతూనే నా చేతిలోంచి కత్తి లాక్కుంది, తిడుతూనే బొంగు చీల్చింది, బద్దలు తీసి నేల మీద పరిచింది. అంతా అయ్యాక మేడంతో తెలుగులో అంది:

"మేడం, ఈయన నోరు నమ్మి నేను సుత ఒకపారి మోసపోయిన. పెండ్లయింది. మీరు నోరు నమ్మకుండ్రి, చెయ్యి చూడుండ్రి."

సారుకు నవ్వొచ్చింది. "మీరు ఎరుక చెప్తరట గదమ్మా. ఈయన సంగతి ముందుగాల తెల్వలేదా?"

"నాకు ఎరుక జెప్పవస్తే ఈయన్ను చేసుకుందునా సారూ?"

మేడం నవ్వలేదు. ఆమె చూపంతా నా భార్య చేతుల మీదే ఉంది. మూరెడు అల్లిక పూర్తయ్యాక జీపులోంచి నమూనా తడక తెప్పించి పక్కన పెట్టించింది. రెండూ ఎడమకే వాలి ఉన్నాయి.

"నమూనా ఉల్టా ఉందని నేను ముందే రాసిన మేడం. మన ప్లాను బొమ్మల కుడికి ఉంది," అన్నాడు ఇంజినీరు. నమూనాను తలకిందులు చేసి చూశాడు. అప్పుడూ ఎడమకే.

మేడం బిడ్డను, గల్లీలోని ఆరుగురినీ పిలిచి కూర్చోబెట్టి తలా జానెడు అల్లమంది. వాకిట్లో ఏడు కత్తులు, ఏడు కుడిచేతులు. అల్లికలు చూస్తే ఏడూ ఎడమకు.

"వీళ్లంత కుడిచేతోళ్లే గదమ్మా. మరి ఎడమకెందుకు పోతాంది?"

నా భార్య తల దించుకుంది. "నేను నేర్పిన మేడం. నాది పుర్రచెయ్యి. తప్పు నాదే. మీ బొమ్మ లెక్కన మార్చుమంటే మారుస్తం."

మేడం ఇంజినీరు వైపు తిరిగింది. "జపాన్‌ల పుర్రచేతి మిషన్లు చేస్తున్నరా?"

ఆయన నమూనాను కింద పెట్టాడు. సారు తాను రాసుకున్నది అడ్డంగా కొట్టేశాడు. తడకలు మారలేదు, పైకప్పు బొమ్మే ఎడమకు మారింది. వారం తిరక్కముందే సంతకమైన కాగితం ఇంటికొచ్చింది. కాగితం మీద లేని షరతు ఒకటి మేడం ఫోనులో చెప్పిందట, పెద్దాయన్ను సైటు మీదికి రానియ్యొద్దని.

అల్లిక నెలల తరబడి సాగింది. బీడీలు చుట్టే ఇద్దరూ వాటిని మానేశారు. అందరూ అల్లుతుంటే బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఎంతకాలం కూర్చుంటాను? ఒకరోజు నా భార్య ముందు కూలబడి అడిగాను.

"నాకు సుత నేర్పు."

"డెబ్బై ఏండ్లకు యాదికొచ్చిందా?"

"ఇప్పటికన్న వచ్చింది గద."

నేర్పింది. మిగతావాళ్లు రోజుకొకటి అల్లితే నేను మూడు వారాలకు ఒక్కటి అల్లాను. ఆమె చేతులే చూశాను, ఆమె చెప్పినట్టే వేశాను. తీరా చూస్తే నాది కుడికి వాలింది. ఆమె దాన్ని ఎత్తి పట్టుకుని చూసింది.

"లోకమంత కుడికి పోతే నేను ఎడమకు పోయిన. ఇల్లంత ఎడమకు వస్తే నువ్వు కుడికి పోయినవ్," అంది. ఆ రోజు పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

బిగించే చివరి రోజు ఒక తడక తక్కువ పడింది. బిడ్డ ఇల్లంతా వెతికి, వేరే దారి లేక నాదే పట్టుకుపోయింది.

ఇప్పుడు సెంటర్ తెరిచారు, అందరినీ రానిస్తున్నారు, నన్ను కూడా. మీరు జగిత్యాల పోతే పెద్ద హాల్లోకి వెళ్లి, వేదిక వైపున ఆఖరి ఫ్యాను వెనక మూలకు చూడండి. అన్నీ ఎడమకు వాలి ఉంటే ఒక్కటి కుడికి వాలి ఉంటుంది. అది నేను అల్లిందే. ఇది నిజం. అంచు మాత్రం నా భార్య కట్టింది. మధ్యలో వరుసలు వదులయ్యాయని బిడ్డ విప్పి, నా వాలు చెడకుండా మళ్లీ వేసింది. పై భాగం గల్లీ ఆడవాళ్లు సరిచేశారు. మిగిలిందంతా నాదే. అది తక్కువేం కాదు, మూరెడు ఉంటుంది.

జానెడు.

సరే, బెత్తెడు.